మూడు క్లచ్ ప్లేట్లు

మా మామిడి షెడ్డులో కాంటా పక్కన గోడకు ఒక పెద్ద మేకు ఉంది. దానికి మూడు క్లచ్ ప్లేట్లు వేలాడుతుంటాయి. మూడూ కాలి నల్లబడినవే. ఒకటైతే అరిగి అరిగి లోపలి రేకు తేలింది. వాటిని అక్కడ తగిలించింది నేనే. కొత్త జిల్లాలు ఏర్పడిన రెండో ఏడు వేసవి దాకా ఆ మూడూ నా బామ్మర్ది పరమేష్ పేరు మీద ఉండేవి.

నేను కొల్లాపూర్‌లో మామిడి వ్యాపారం చేస్తాను. పూత మీదనే తోట పట్టి, కాయ దిగేదాకా కాపలా పెట్టి, కోయించి హైదరాబాద్ మార్కెట్‌కు పంపడం నా పని. ఇందులో అంతా అంచనాయే. కొమ్మను చూసి కాపు చెప్పాలి, తొడిమ చూసి పక్వం చెప్పాలి. మా వ్యాపారుల్లో ఒక కట్టుబాటు కూడా ఉంది. బేరం తెగకముందు కాయకు కత్తి పెట్టకూడదు. కోసి చూసి కొనేవాణ్ణి పెద్ద వ్యాపారులు లెక్కలోకి తీసుకోరు. ముప్పై ఏళ్లలో నేను బేరానికి ముందు ఒక్క కాయ కోసింది లేదు. ఆ మాట నలుగురిలో చెప్పుకోవడం నాకు ఇష్టం కూడా.

బండి పాత పికప్పు. నాకు నడపడం రాదు, నడిపేది పరమేష్. నా భార్య అండాలుకు ఒక్కగానొక్క తమ్ముడు. పెళ్లయినా భార్యతో మా ఇంట్లోనే, పెరటి వైపు గదిలో ఉండేవాడు. బండి వాడి చేతిలో ఉన్నా తాళం చెవి మాత్రం నా మొలతాడుకు ఉండేది. పొద్దున "బావా, తాళం" అని అడిగేవాడు. విప్పి ఇచ్చేవాణ్ణి. సాయంత్రం తిరిగి తీసుకునేవాణ్ణి. నాలుగేళ్లలో మూడు ప్లేట్లు కాల్చిన మనిషి దగ్గర తాళం ఉంచడం నాకు మనసొప్పలేదు.

మొదటి ప్లేటు కాలినప్పుడు వాడు నాతో చెప్పాడు. "బావా, లోడు మీద ఫస్ట్ గేరు గుంజుతలేదు. ఎత్తు మీద సగం క్లచ్ ఒత్తి పట్టకుంటే బండి ఆగిపోతాంది."

"క్లచ్ మీద కాలు పెట్టి కునుకు తీస్తవు. గుంజమంటే ఎట్ల గుంజుతది?" అన్నాను.

రెండోసారీ అదే చెప్పాడు. మూడోసారి ఏమీ చెప్పలేదు. కాలిన ప్లేటు తెచ్చి నా ముందు పెట్టి వెళ్లిపోయాడు. నేను దాన్నీ మేకుకు తగిలించాను. కోతకు వచ్చే కూలీల్లో పెద్దది హనుమమ్మ. దాని నోరు ఊరుకోదు. "పరమేషూ, ఇంకోటి కాల్చు. దండ గుచ్చి నీ మెడల ఏస్తం," అనేది. అందరూ నవ్వేవాళ్లు. వాడూ నవ్వేవాడు.

ఆ ఏడు మే మొదటి వారంలో కృష్ణ ఒడ్డు వైపు పట్టిన తోట కోతకు వచ్చింది. అంతా బేనిషాన్, బంగినపల్లి కాయే. తోట పల్లంలో ఉంది. అక్కడి నుంచి రోడ్డుకు రావాలంటే ఫర్లాంగు పొడవున మొరం ఎత్తు ఎక్కాలి. రోజూ మధ్యాహ్నం నల్లమల దిక్కున మబ్బు కమ్ముతోంది, కురవకుండా పోతోంది. ఒక్క గాలిదుమారం వచ్చిందంటే చెట్టు మీదున్నదంతా నేల మీద ఉంటుంది. దెబ్బ తిన్న కాయను మార్కెట్లో చేత్తో ముట్టరు. నా అంచనాకు పది రోజుల కోత ఉంది. గాలి ఎన్ని రోజులు ఆగుతుందో చెప్పే అంచనా ఎవరి దగ్గరా లేదు.

మూడో రోజు, అరవై ట్రేల లోడు. నేను బండి వెనక నడిచి వస్తున్నాను. ఎత్తు ఎక్కినప్పుడల్లా వచ్చే కాలిన వాసన వచ్చింది. అది మాకు అలవాటే. సగం ఎత్తులో బండి కడుపులోంచి రాయి పగిలినట్టు చప్పుడైంది. బండి ఒక్క క్షణం నిలబడి, వెనక్కి జారడం మొదలుపెట్టింది.

పరమేష్ హ్యాండ్ బ్రేకు గుంజాడు. హనుమమ్మ అందరికంటే ముందు ఉరికి వెనక చక్రం కింద బండరాయి తోసింది. బండి ఆగింది. మనుషులకు ఏమీ కాలేదు. వెనక వరస ట్రేలు మాత్రం పడిపోయి, కాయలు మొరం మీద దొర్లుకుంటూ మా కాళ్ల మధ్య నుంచి మళ్లీ తోటలోకే పోయాయి.

నేను డ్రైవర్ తలుపు దగ్గరికి పోయి చేయి చాపాను. "తాళం ఇయ్యి."

"బావా, నేను ముందుగాల్నే చెప్పిన…"

"మూడు ప్లేట్లు తిన్నవు. ఇగ గేర్‌బాక్సు గూడ తిన్నవు. దిగు."

ఇరవై మంది కూలీలు చూస్తున్నారు. ఈసారి ఎవరూ నవ్వలేదు. హనుమమ్మ తల గుడ్డ సర్దుకుంటూ అటు తిరిగింది. వాడు దిగి, తాళం నా చేతిలో పెట్టి, సీటు మీది తువ్వాలు, టిఫిన్ డబ్బా తీసుకుని ఎత్తు ఎక్కి పోయాడు. ఒకసారి వెనక్కి తిరిగి చూస్తాడనుకున్నాను. చూడలేదు.

నేను ఇంటికి వచ్చేసరికి పెరటి గదికి గొళ్లెం పెట్టి ఉంది. అండాలు కంచం నా ముందు పెట్టింది.

"వాడెటు పోయిండు?" అన్నాను.

"నువ్వు పంపిన కాడికే పోయిండు."

"నేను యాడికి పంపిన?"

"అది నీకే తెల్వాలె," అని నీళ్ల చెంబు కాస్త గట్టిగానే కింద పెట్టింది. "పెండ్లాన్ని అత్తగారింట్ల దించి, ఎవరిదో లారీ ఎక్కిండట. పెట్టె గూడ నేనే సదిరిచ్చిన."

మర్నాడు ట్రాక్టరుతో బండిని గిరి షెడ్డుకు లాగించాం. గిరి బస్టాండు వెనక మెకానిక్. మాట తక్కువ మనిషి. గేర్‌బాక్సు దించి, ఆయిలు కార్చి, మూత విప్పేసరికి పది దాటింది. ఆయిల్లో ఇనుప పొడి మెరుస్తోంది. ఫస్ట్ గేరు చక్రానికి రెండు పండ్లు లేవు.

"చూసినవా వాని పని," అన్నాను.

గిరి పెట్టె మీదికి వంగాడు. ఇంజను వైపు షాఫ్టు మీద ఒకటి, వెనక చక్రాల వైపు షాఫ్టు మీద ఒకటి సుద్దముక్కతో గీతలు గీశాడు. ఫస్ట్ గేరు వేసి ముందు షాఫ్టును చేత్తో తిప్పాడు. వెనక గీత ఒక చుట్టు తిరిగి మొదటి చోటికి వచ్చేసరికి ముందు గీత మూడు చుట్లూ ఆపైన సగం తిరిగింది. మళ్లీ తిప్పాడు. మళ్లీ అంతే.

"ఐలన్నా, గీ బండికి నాలుగు చుట్ల మీద రావాలె," అన్నాడు. "గిది మనుషులను ఎక్కించే బండిది. లోడు బండిది కాదు. మీది పెంకు ఒకటే, బోల్టులు ఒకటే. లోపలి చక్రాలు వేరు."

"అయితే ఏమైతది?"

"లోడు మీద ఫస్ట్ గేరుకు బలం సాలదు. ఎవడు నడిపినా సగం క్లచ్ పట్టాలె. పట్టకుంటే బండి ఎక్కది, పడితే ప్లేటు కాలుతది." చేతులు గుడ్డకు తుడుచుకుని నా దిక్కు చూశాడు. "నాలుగేండ్లల్ల మూడే కాలినయంటే వాడు మంచిగ నడిపినట్టు."

ఆ గేర్‌బాక్సు తెచ్చింది నేను. బండి కొన్న మొదటి వేసవిలో దానితో వచ్చిన గేర్ల పెట్టె పాడైతే, పాలమూరు పోయి ఖాజా భాయి పాత సామాన్ల దుకాణంలో కొన్నాను. డీజిల్‌తో కడిగి, వెండి రంగు వేసి, వరసలో అన్నిటికంటే ముందు పెట్టి ఉంది. ఖాజా భాయి పాన చేతికిచ్చి, మూత విప్పి చూసుకో సేట్ అన్నాడు. నేను కోసి కొనేవాణ్ణి కాదు భాయ్ అన్నాను. పక్కనున్న ఇద్దరు ముగ్గురు ఆ మాటకు మెచ్చుకోలుగా తలలూపారు. నాకు అది ఇప్పటికీ గుర్తుంది. ఆ మెచ్చుకోలుతోనే బస్సెక్కాను.

"అప్పుడు గూడ ఇప్పి చూస్త అన్న," అన్నాడు గిరి, తప్పు పట్టినట్టు కాకుండా. "తోట ఆగదు, బిగియ్యి అన్నవు. బిగించిన."

గిరి విరిగిన పండ్లను ఆయిల్లోంచి ఏరి గుడ్డ మీద పెట్టాడు.

"పరమేష్‌కు నువ్వు చెప్తవా, నేను చెప్పాల్నా?"

నేను లెక్క వేసుకున్నాను. ఏం జరిగినా ముందు లెక్క వేసుకోవడం నాకు పుట్టుకతో వచ్చింది. ఇంకా ఏడు రోజుల కోత ఉంది. సీజన్లో కిరాయి బండి దొరకదు, ట్రాక్టరు రోజుకొకసారి వస్తే గొప్ప. నిండు లోడుతో ఆ ఎత్తు ఎక్కించగలిగినవాడు నాకు తెలిసి ఒక్కడే. వాడు తప్పు తనదేమో అనుకుంటున్నంత సేపు అక్క ముఖం చూసైనా తిరిగి వస్తాడు. తప్పు నాదని తెలిస్తే ఎందుకు వస్తాడు?

"సీజన్ అయినంక నేనే చెప్త," అన్నాను. "అప్పటిదాక దాని మీద గోనె కప్పు."

గిరి మూలకు పోయి గోనె తెచ్చి, కప్పకుండా నా చేతికిచ్చాడు. నేనే కప్పాను.

ఆ పూటే పాలమూరు బస్సెక్కాను. గిరి మూడు గుర్తులు చెప్పి, జేబులో సుద్దముక్క వేసి పంపాడు. మొదట ఇంజనుకు కలిసే మూతి చుట్టూ బోల్టు రంధ్రాలు లెక్కపెట్టాలి. తర్వాత ముందు షాఫ్టు మీది గాట్లు లెక్కపెట్టాలి, అవి కలవకపోతే క్లచ్ ప్లేటు ఎక్కదు. రెండూ కలిస్తే అప్పుడు గీతలు గీసి తిప్పాలి. నాలుగు చుట్లు, మీద పావు. "రంగేసిన దాని జోలికి పోకు," అని కూడా అన్నాడు. ట్రేలో పై వరసకు మంచి కాయలే ఎలా పేరుస్తారో ముప్పై ఏళ్లుగా తెలిసిన నాకు ఆ మాట ఇంకొకడు చెప్పాల్సి వచ్చింది.

ఖాజా భాయి నన్ను గుర్తుపట్టాడు. "ఆవో సేట్. నాలుగేండ్లకు కనవడ్డవు. తీసుకపోయిన మాలు మంచిగుండెనా?"

"నీ తప్పు లేదు భాయ్."

"నా తప్పని నేనన్ననా? కూసో, చాయ్ తాగు."

చాయ్ చల్లారిపోయింది. రేకుల కింద పదకొండు పెట్టెలు ఉన్నాయి. ఒక్కొక్కదాని ముందు గొంతుక్కూర్చుని లెక్కపెట్టాను. నాలుగింటికి మూతి కలవలేదు. మూడింటికి గాట్లు కలవలేదు. మిగిలిన నాలుగింటికీ గీతలు గీస్తుండగా ఫోను మోగింది. హనుమమ్మ.

"సేటూ, మబ్బు నల్లగ దిగింది. ట్రాక్టరు రాలే. కోసిన కాయ చెట్ల కిందనే ఉన్నది. కాయ తెంపే చిక్కాలు ఆపమంటవా, కొయ్యమంటవా?"

"గాలి ఉన్నదా?"

"ఇంక లేదు. ఆకు గూడ కదుల్తలేదు. గదే భయమైతాంది."

"కోయుండ్రి. కోసింది కోసినట్టు కప్పుండ్రి," అన్నాను.

మొదటి పెట్టె మూడున్నర చుట్లు. రెండోదీ అంతే. మూడోది, వెండి రంగుది, అదీ అంతే. చివరిది ఇనుప రేకుల వెనక జిడ్డు, మట్టి పట్టి ఉంది. పెంకు మీద కుమ్మరి పురుగు గూడు కట్టింది. గీత గీయడానికి ముందు గోటితో మట్టి గీకాల్సి వచ్చింది. తిప్పాను. ఒకటి, రెండు, మూడు, నాలుగు. వెనక గీత ఇంకా చేరలేదు. ఇంకొంచెం తిప్పితే వచ్చి నిలిచింది. మూడుసార్లు తిప్పి చూశాను.

"పాన ఇయ్యి భాయ్. మూత ఇప్పుత."

ఖాజా భాయి గడ్డం సవరించుకుని నవ్వాడు. నాలుగేళ్ల కిందటి మాట మరచిపోలేదు. "కోసి కొంటున్నవా సేట్?"

"కోసే కొంటున్న."

మూత తీసి ఒక్కొక్క చక్రాన్నీ తిప్పుతూ ఒక్కొక్క పన్నునూ వేలితో తడిమాను. అన్నీ ఉన్నాయి.

మర్నాడు పొద్దున పరమేష్ కోసం లారీల అడ్డాకు పోయాను. ఎవరిదో లారీ అద్దం తుడుస్తున్నాడు. నన్ను చూసి తుడవడం ఆపలేదు.

"గేర్‌బాక్సు దొరికింది," అన్నాను. "గిరి ఒక్కడే ఉన్నడు. ఎత్తి పట్టెటందుకు మనిషి కావాలె."

"ఎల్లుండి లోడుకు ఈ సేటుకు మాటిచ్చిన."

"ఎల్లుండి కద."

వాడు నది దిక్కు మబ్బును చూశాడు. "ఎంత కాయ ఉన్నది?"

"సగం మీద."

తువ్వాలు భుజాన వేసుకుని దిగాడు. "రాత్రి అక్క ఫోన్ చేసింది. గందుకు వస్తున్న," అన్నాడు.

గిరి షెడ్డులో కొత్త పెట్టెను కడిగి పెట్టాడు. పరమేష్ చొక్కా విప్పి కొక్కేనికి తగిలించి, చుట్టూ చూశాడు.

"పాతదేది గిరన్నా?"

గిరి బోల్టులు ఏరుతున్నాడు. చేతులు ఆగాయి.

"ఎందుకు?" అన్నాను నేను.

"ఇప్పి చూస్త. నిజంగ నా చేతులనే ఇరిగిందా, చూడాలె. రెండు రోజుల సంది అన్నం దిగుతలేదు బావా."

పాత ఇనుము కొనేవాడు తీసుకుపోయాడు అంటే సరిపోతుంది. ఆ మాట నాలుక మీదికి వచ్చింది కూడా. గిరి నన్ను బయటపెట్టడు, ఆ సంగతి నాకు తెలుసు. ఏడు రోజులు ఆరయ్యాయి, ఆకాశం అలాగే ఉంది.

"అగో, గోనె కింద," అన్నాను.

నేనే పోయి గోనె తీశాను. సుద్ద గీతలు చెరగలేదు. "నేను తిప్పుత. నువ్వు వెనక గీత చూసుకుంట లెక్కపెట్టు," అన్నాను. వాడు కూర్చున్నాడు. పాతదాన్ని తిప్పాను. మూడున్నర. కొత్తదాని దగ్గరికి జరిగి దాన్నీ తిప్పాను. నాలుగుంపావు. వాడు ఇంకోసారి తిప్పమన్నాడు. తిప్పాను.

వాడికి విడమరచి చెప్పాల్సిన పని లేకపోయింది. ఆ తేడా నాలుగేళ్లుగా వాడి ఎడమ కాలికి తెలుసు.

"పాలమూరు పోయి తెచ్చినప్పుడు మూత ఇప్పలేదా?" అన్నాడు.

"ఇప్పలేదు."

వాడు పాత పెట్టె మీది గీతను బొటనవేలితో తుడిచేశాడు. తువ్వాలుతో మెడ తుడుచుకున్నాడు.

"గిరన్నా, జాకీ లేపు. పొద్దు పోతాంది."

ముగ్గురం బండి కింద దూరాం. పెట్టెను ఎత్తి, ముందు షాఫ్టు గాట్లు కొత్త క్లచ్ ప్లేటులోకి సరిగా కూర్చునేదాకా మోచేతుల మీద పట్టుకోవాలి. నా భుజం వాడి భుజానికి ఆని ఉంది. రెండుసార్లు కూర్చోలేదు. మూడోసారి వాడు పళ్లు బిగబట్టి "జర పైకి, బావా" అన్నాడు. నేను పైకి ఎత్తాను. టక్కున పోయి కూర్చుంది.

బయటికి వచ్చాక మొలతాడు నుంచి తాళం విప్పి వాడి చేతిలో పెట్టాను. ఆ రోజు వాడు అడగలేదు.

తోటకు చేరేసరికి నాలుగయింది. నది మీద నుంచి దుమ్ము లేస్తోంది. కూలీలు చినుకుకు ముందు చీమల్లా ఎక్కించారు, అరవై నాలుగు ట్రేలు. నేను పరమేష్ పక్కన కూర్చున్నాను. ఎత్తు మొదట్లో వాడు బండి ఆపి, ఫస్ట్ గేరు వేసి, క్లచ్ వదిలాడు. వదిలి, ఎడమ కాలు తీసి కింద రేకు మీద ఆనించి పెట్టాడు. నేను చూడాలని పెట్టాడో, దానితో ఇక పని లేదనే పెట్టాడో తెలియదు. నేను మాత్రం రోడ్డును చూడలేదు, ఆ కాలునే చూశాను. బండి మూలుగుతూ, నడిచే మనిషి వేగంతో ఎక్కింది. మొన్న ఆగిన చోటు దాటాం. హనుమమ్మ తోసిన రాయి అక్కడే ఉంది.

పైన రోడ్డెక్కాక వాడు అద్దం దించి గాలి పీల్చాడు.

"వాసన రాలే బావా," అన్నాడు.

ఇచ్చిన మాట ప్రకారం వాడు ఒక రోజు పోయి ఆ లారీ లోడు దించి వచ్చాడు. ఆ రోజు మా బండి గిరి నడిపాడు. బండి బాగైన ఐదో రోజు సాయంత్రం గాలిదుమారం వచ్చింది. అప్పటికి పన్నెండు చెట్లు తప్ప తోట అంతా దిగింది. ఆ పన్నెండింటి కాయా నేల పాలైంది. ఆ సీజన్‌కు అది నాకు చిన్న నష్టమే.

ఆఖరి రోజు కూలీలంతా షెడ్డులో ఉన్నప్పుడు నేను స్టూలు వేసుకుని ఎక్కి, మేకుకున్న ప్లేట్లు తీయబోయాను.

"తీస్తున్నవేంది సేటూ? దండ గుచ్చుతవా?" అంది హనుమమ్మ.

"ఇవి పరమేష్ కాల్చినవి కావు," అన్నాను. స్టూలు మీద నిలబడి అందరికీ వినపడేలా చెప్పడం అనుకున్నదానికంటే కష్టమైంది. "నేను తెచ్చిన గేర్‌బాక్సు కాల్చింది. అది ఈ బండిది కాదు. మూత ఇప్పకుండ తెచ్చిన."

హనుమమ్మ కొంగుతో మూతి తుడుచుకుంది. "అయ్యో, పిలగాణ్ణి ఉత్తగనే నవ్వితిమి," అంది మెల్లగా.

పరమేష్ బయట బండికి తాడు కడుతున్నాడు. తల లోపలికి పెట్టి చూశాడు.

"ఉండనియ్ బావా. దింపకు."

"ఎందుకురా?"

"మేకు నీదే. ఇప్పుడు ప్లేట్లు గూడ నీవే కద," అన్నాడు. గొంతులో కోపం లేదు. పోయి తాడు ముడి వేసుకున్నాడు.

నేను మళ్లీ తగిలించి స్టూలు దిగాను.

తాళం వాడి దగ్గరే ఉండిపోయింది. వాడు మాత్రం మా ఇంటికి తిరిగి రాలేదు. బస్టాండు దగ్గర కిరాయికి గది చూసుకుని, పెండ్లాన్ని తెచ్చుకున్నాడు. ప్రతి వేసవీ మా బండే నడుపుతాడు, మిగతా నెలలు తన బేరాలు తను చూసుకుంటాడు. అండాలు ఇప్పటికీ ఇద్దరి కూర ఎక్కువే వండుతుంది. డబ్బాలో పెట్టి, ఇంట్లో ఎంతమంది ఉన్నా, నా చేతికే ఇచ్చి వాడింటికి పంపుతుంది.

ప్రతి సీజన్లో కొత్త కూలీలు ఎవరో ఒకరు మేకు దిక్కు చూసి, అవి ఎవరివి సేటూ అంటారు. నావే అంటాను.

"నీకు బండి నడపొస్తదా?" అంటారు.

రాదని చెప్తాను.